ఆదెమ్మ జాలికి ధ్రువపత్రం

మనిషి మనసును మనిషి అర్థం చేసుకునే పనిని ఇకపై ఎవరి ఇష్టానికి వారికి వదలరు. ఈ ఏడాది నుంచి ఆ పనికి ఒక శాఖ ఉంది. పేరు పరమనోగ్రహణ శాఖ. దాని కేంద్రం పెనుకొండలో, రెండో అంతస్తులో. (మెట్లెక్కలేని వాళ్ల బాధను గ్రహించే విషయమై ఇంకా ఉత్తర్వులు రాలేదు.)

ఆసుపత్రుల్లో పనిచేసే వాళ్లందరూ అక్కడ జాలి ధ్రువపత్రం తీసుకోవాలి. వందకు అరవై రాకపోతే ఉద్యోగం పోతుంది. మా పక్కింటి ఆదెమ్మ హిందూపురం దారిలో ఒక చిన్న ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లుగా ఆయా. భర్త పోయాక ఆ ఉద్యోగంతోనే ఇల్లు నడుస్తోంది. ఫారం నింపడానికి నేను వెంట వెళ్లాను.

మొదటి ప్రశ్న: మీరు చివరిసారి జాలిపడిన తేదీ, సమయం, సాక్షి పేరు.

"నిన్న పొద్దున పనికి పోయే బస్సులో ఒకామె బిడ్డ కక్కుకుంటే నా కొంగుతో తుడిస్తి. సాక్షిని యాడ తెచ్చేది పాపా? ఆమె సోమందేపల్లిలో దిగిపాయ," అంది ఆదెమ్మ.

సాక్షి లేనందున ఆ జాలి చెల్లలేదు.

అధికారి పేరు క్రాంతి కుమార్. రోజూ ధర్మవరం నుంచి రైల్లో వస్తాడు. ఆదెమ్మ తలకు తీగల టోపీ తొడిగాడు. ఎదుటివాళ్ల నొప్పి చూస్తే మనలో కదిలే చోటు ఒకటి మెదడులో ఉంటుందట. అది కదిలితే టోపీ మీద దీపాలు వెలుగుతాయి. కాలు విరిగినవాడి వీడియో పెట్టగానే పద్నాలుగు దీపాలూ ఒక్కసారే వెలిగాయి. ఇంతవరకు ఎవరికీ అన్ని వెలగలేదు కాబట్టి, వైరింగ్ లోపమని రాసుకున్నాడు.

తర్వాత నోటి పరీక్ష. వీడియోలోని మనిషిని ఓదార్చమన్నాడు. మా వైపు జాలి ఎక్కువైతే తిట్టు వస్తుంది. శాఖకు ఈ సంగతి తెలియదు.

"కండ్లు యాడ పెట్టుకోని నడుస్తివిరా సచ్చినోడా? ఏడ్సింది సాలు, నా బుజం పట్టుకోని లెయ్!"

యంత్రం 'దూషణ' అని చూపింది. ఆదెమ్మ అప్పటికే అధికారి వైపు తిరిగింది.

"ఏమబ్బా, నీ మొగమేంది అట్ల పీక్కపోయుండాది? జరం పెట్టుకోని ఈడ కూచోని ఏం సాధిస్తాండావు? మీయమ్మ సూస్తే నీ యీపు పగలగొడతాది!"

నుదురు తాకి చూసింది. సంచిలోంచి మాత్ర తీసి, అతను మింగేదాకా పక్కనే నిలబడింది.

"మూడు దినాల నుంచి జరమే అక్కా. ఇంట్లో గూడా ఎవురూ అడగల్యా," అంటూ క్రాంతి కుమార్ కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, నియమం ప్రకారం 'అధికారిపై దూషణ, అనుమతి లేని స్పర్శ' అని నమోదు చేశాడు. మొత్తం నాలుగు మార్కులు.

"ఆమెకు ఎదుటివాళ్ల బాధ తెలీకపోతే, మీకు జ్వరమని ఎట్ల తెలిసింది సార్?" అని అడిగాను. (మెల్లగా అడిగాను. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.)

"దానికి కాలమ్ లేదు పాపా."

అప్పీలు పెట్టాం. ఆమె చేత తిట్లు తిని కోలుకున్న నలభై మంది సంతకాలు చేశారు. పదో రోజుకే జవాబు వచ్చింది.

"మీ బాధ మాకు పూర్తిగా అర్థమైంది. ఒకటో తేదీ నుంచి పనికి రావద్దు."