పున్నారావు చేనుకు తొమ్మిది

మే నెలలో ఓ సోమవారం పొద్దున పున్నారావు పెట్టుకున్న పని ఒక్కటే. పంచాయతీ అరుగు మీద టీ తాగి, పేపరు తిరగేసి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి పడుకోవడం. టీ వరకూ సజావుగానే సాగింది. పేపరందుకుంటుంటే గోడ మీద కొత్త కాగితం కనబడింది.

రెంటచింతల దగ్గరున్న ఆ ఊళ్ళో చెక్‌డ్యామ్ కట్టాక నీళ్ళు నేలలోకి ఎంత ఇంకుతున్నాయో తేల్చడానికి ఒక పరిశోధక బృందం దిగింది. అందులో అపర్ణ అనే అమ్మాయి ఆరుగురి చేలల్లో తేమ కొలిచి ఆ అంకె తన ఫోనుకు పంపే కడ్డీలు పాతింది. ఎవరి నేలలో నూటికి ఎంత తేమ ఉందో రోజూ పేర్లతో సహా రాసి గోడకంటిస్తానంది. రైతుల దగ్గర లెక్క దాచకూడదని ఆ పిల్ల మంచి బుద్ధి. పేరు పక్కన నూటికింత అని రాస్తే మనవాళ్ళు దాన్ని పరీక్ష మార్కులనుకుంటారని ఆమెకేం తెలుసు పాపం! పక్క చేను వెంకట్రామయ్యకు పద్నాలుగు. పున్నారావుకు తొమ్మిది.

అరుగు మీద ఎవరో చిన్నగా దగ్గారు. పున్నారావు తలొంచుకుని ఇంటికొచ్చాడు. భార్య సుబ్బరత్నం చెవిన అప్పటికే పడింది.

"మావయ్య ఉన్నన్నాళ్ళు ఆ చేను ఎప్పుడన్నా తప్పిందా?" అందామె.

మర్నాడు తెలతెలవారుతుండగానే భార్యాభర్తలు ట్యాంకరు నీళ్ళు ఒక బిందెడు మోసుకెళ్ళి కడ్డీ మొదట్లో పోసొచ్చారు. ఆ పూట పున్నారావుకు ముప్పై ఒకటి. వెంకట్రామయ్య ఆ అంకె చూసి కుళ్ళిపోయాడు. ఆ మర్నాడు రెండు బిందెలు పోశాడు. మిగతా నలుగురు మాత్రం పరువు లేనివాళ్ళా? శుక్రవారానికి ఆరు చేలూ పాసయ్యాయి. ముప్పై ఎనిమిదితో పున్నారావుదే ఫస్టు. తాగేనీళ్ళు చాలక ఇళ్ళల్లో అంట్లు బూడిదతో తుడుస్తున్నా, మొగాళ్ళు మాత్రం మీసాలు దువ్వుకుంటున్నారు.

వాన లేదు, వాగులో చుక్క లేదు, అయినా తెల్లారేసరికి నేల తడుస్తోంది. అపర్ణ రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, మంచు కురుస్తోందని తేల్చింది. కంప్యూటరులో వేసుకున్న లెక్కలో మంచు కలిపితే రెండేళ్ళుగా కుదరని లెక్క కాస్తా కుదిరిపోయింది. ఆమె గురువుగారు మురిసిపోయి రిపోర్టు పైకి పంపారు. పైవాళ్ళు మొదటి పేజీ చదివి, నేలలో ఇంత తడున్న ఊరికి ట్యాంకరెందుకని ఆపేశారు.

ఆ తర్వాతి బుధవారానికి ఊళ్ళో గుక్కెడు నీళ్ళు లేవు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో పంచాయతీ ముందు కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే అపర్ణ శాలువాతో దిగింది. ఉత్తమ రైతు పున్నారావును సన్మానించాలట.

పున్నారావుకు భూమిలోకి కుంగిపోదామనిపించింది. నోరు మూసుకుంటే పరువు నిలుస్తుంది, ఊరు ఎండుతుంది. ఎదురుగా ఎండిన పెదాలతో పసిపిల్లలు ఉన్నారు. శాలువా మెడ దాకా వచ్చాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా చేనుది ముప్పై ఎనిమిది గాదమ్మా. తొమ్మిదే. మిగతా ఇరవై తొమ్మిదీ మా ఆవిడా నేనూ మోసిన బిందెలు."

వెంకట్రామయ్య కాసేపు చెప్పుల వంక చూసుకుని, మాది రెండు బిందెలని ఒప్పుకున్నాడు. తక్కిన నలుగురూ ఒక్కొక్కరే లేచారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

"నేను... మంచు అనుకున్నానండీ," అంది అపర్ణ.

వెంకట్రామయ్య తల్లి బుల్లెమ్మ బిందె కింద పెట్టి ఆమె వైపు జాలిగా చూసింది.

"మే నెల్లో, రెంటచింతల కాడ, మంచేంది తల్లీ?"

నవ్వడానికి ఎవరికీ ముఖం లేదు. అపర్ణ ముఖమైతే కందగడ్డయింది. అక్కడే, అందరి ముందూ, గురువుగారికి ఫోను చేసి తప్పు తనదేనని చెప్పింది. పొద్దున్నే ఒక్కసారి చేలోకొచ్చి చూసుంటే సరిపోయేదని కూడా చెప్పింది.

నాలుగో రోజు ట్యాంకరు వచ్చింది. మంచు సంగతి మాత్రం వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది. గురువుగారు అప్పటికే దాన్ని ఢిల్లీలో ఒక సభలో చదివి, చప్పట్లు కొట్టించుకొచ్చారట.