కరిగిందంతా వాపసు తినే హక్కు

వ్యాయామంలో కరిగిన కేలరీలను మళ్లీ తినేయవచ్చా, కూడదా అని లోకమంతా జుట్టు పీక్కుంటోంది. నన్నడిగితే తినకపోవడమే ఘోర అన్యాయం! ఒళ్లు నాది, కరిగించింది నేను, తిరిగి తీసుకునేదీ నేనే. మధ్యలో డాక్టరుకేం పని?

నా మోకాళ్ల డాక్టరు మాత్రం బరువు తగ్గితే తప్ప ఆపరేషన్ చేయనని భీష్మించుకు కూర్చున్నాడు. మా అమ్మాయి కాపురం లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో. మనవరాలిని చూడాలంటే గేటు దగ్గర నిలబడి మెడ నొప్పెట్టేదాకా తలెత్తాలి. ఇక లాభం లేదని, ఎన్ని కేలరీలు కరిగాయో చెప్పే వాచీ ఒకటి అల్లుడి చేత తెప్పించుకున్నాను.

అబ్బ, ఏం వాచీ అండీ! ఇన్నేళ్ల కాపురంలో మా ఆవిడ నోట ఒక్క శభాష్ విని ఎరగను. ఇది నేను మంచం మీంచి లేచినా శభాష్ అంటుంది. పార్కులో ఒక్క చుట్టు తిరిగితే చాలు, ఇవాళ ఇంకాస్త తినవచ్చని సెలవిస్తుంది. అంత ఆప్యాయంగా పెడుతుంటే కాదనడం మర్యాదేనా? మీరే చెప్పండి. పార్కు ఎదురుగా బేకరీ ఉండనే ఉంది. బేకరీ ఆయన మొదట నా మణికట్టు చూసి, తర్వాత ట్రే బయటికి లాగుతాడు.

అసలు మహిమ భోజనం దగ్గర తెలిసింది. వాచీ కట్టింది కుడిచేతికి. ఆ చెయ్యి కంచం నుంచి నోటికి, నోటి నుంచి కంచానికి తిరుగుతుంటే, ఆ తిరుగుడంతా అది నడక కింద జమ కట్టేసింది! తిన్నకొద్దీ కరిగింది, కరిగినకొద్దీ తిన్నాను. పళ్లు తోముకున్నందుకు బిస్కెట్టు, మా ఆవిడతో చేతులు తిప్పుతూ వాదించినందుకు ఐస్‌క్రీమ్. ఆ సంగతి కనిపెట్టి ఆవిడ నాతో వాదించడమే మానేసింది.

"వాచీ ఒప్పుకుంటే సరిపోయిందా, మోకాళ్లు ఒప్పుకోవద్దూ?" అని మాత్రం ఒకసారి అంది. పాపం, ఆవిడకు సైన్సు తెలియదు.

నెల తిరిగాక డాక్టరు బరువు చూశాడు. పెరిగాను. వాచీ లెక్కన నేను ఈపాటికి సగమై ఉండాలని, ముందు మీ మిషను బాగు చేయించుకోండని సలహా ఇచ్చాను. ఆయన నా వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఆపరేషన్ దీనికే చేసేద్దామంటారా?" అన్నాడు.

మొన్న మనవరాలి పుట్టినరోజు. ఏమైనా సరే ఎక్కాల్సిందేనని రెయిలింగు పట్టుకున్నాను. మొదటి మలుపులోనే మోకాళ్లు మొరాయించాయి. మా ఆవిడను పైకి పొమ్మని, మెట్టు మీద కూలబడ్డాను. పైనుంచి పాట, చప్పట్లు వినిపించాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. అప్పుడే వాచీ వణికి, నేటి లక్ష్యం పూర్తయిందంటూ అభినందించింది.

కాసేపటికి మనవరాలు రొప్పుకుంటూ దిగి వచ్చింది. చేతిలో కాగితం ప్లేటు, అందులో క్రీము పువ్వున్న కేకు ముక్క.

"నువ్వు రాలేవుగా తాతా, అందుకే నేనే తెచ్చా. తినూ" అంది.

తినడానికి నాకు వాచీ అనుమతి ఉంది. కానీ మెట్లన్నీ దిగింది ఆ పిల్ల, మళ్లీ ఎక్కాల్సిందీ ఆ పిల్లే. కరిగించినవాళ్లే తిరిగి తినాలన్నది కదా నా సిద్ధాంతం? ముక్క తీసి దాని నోటికే అందించాను.

చెయ్యి అలా చాచానో లేదో, మణికట్టు మళ్లీ బుర్రుమంది. శభాష్ అట. ఇంకాస్త తినవచ్చట.