సున్నాగారి సోమవారం నివేదిక

పసిపిల్లల ఆసుపత్రి రికార్డుల గదిలోని గుమస్తాకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, జీతాల పట్టికలో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన సున్నాగారు. "ఈ వారం నవజాత శిశువుల్లో ఇన్ఫెక్షన్లు: సున్నా" అని ప్రతి సోమవారం కంప్యూటరులో కొట్టి పైకి పంపడం మూడేళ్లుగా ఆయన పని. వార్డు నుంచి చీటీ వస్తే అంకె, రాకపోతే సున్నా. చీటీ ఏనాడూ రాలేదు. మన వార్డు ఎంత శుభ్రమో అని ఆయన మురిసిపోయేవారు.

ఆ సోమవారం పదకొండింటికి, ఇన్ఫెక్షన్ల మీద పెట్టిన ఈ నిఘా వ్యవస్థ పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఒక అధికారిణి వస్తున్నారు. లేదని ఆవిడ రాస్తే విభాగం మూసేసి, సున్నాగారిని నేలమాళిగలోని సామాన్ల గదికి తోసేస్తారు. కిటికీ పక్క కుర్చీ, మెడ నొప్పి పుట్టకుండా రెండు కాగితాల కట్టల మీద ఎత్తి పెట్టుకున్న కంప్యూటరు, అన్నీ గోవిందా. అందుకని ముందే ఒక ఉత్తుత్తి కేసు ఎక్కించి, కబురు పంపే మీట పనిచేస్తోందో లేదో చూసుకుని చెరిపేద్దామనుకున్నారు.

చిరునామా, ఫోను నంబరు లేనిదే కంప్యూటరు కదలనంది. ఆయనకు నోటికొచ్చిన చిరునామా ఒక్కటే, సొంతిల్లు. ఇంట్లో కూతురూ, ఇరవై రోజుల మనవరాలూ ఉండనే ఉన్నారు. పాపకు జ్వరం, పాలు తాగడం లేదు అని కొట్టి, సరిగ్గా పదింటికి మీట నొక్కారు. నొక్కాక తెలిసింది, చెరిపే మీట అసలు పెట్టనే లేదని.

పదీ ఇరవైకి భార్య ఫోను చేసింది.

"ఏమండీ, ఇంటి ముందు ఆసుపత్రి వ్యాను ఆగింది. మన బుజ్జిదానికి జ్వరమట. ఎవరన్నారండీ?"

"ఎవరో పొరపాటు పడ్డారులే. ఏం లేదని చెప్పి పంపించెయ్."

"చెప్పాను. ఇళ్లల్లో అందరూ ముందు అలాగే అంటారట. ఈలోగా వియ్యపురాలు కూడా వచ్చింది. నా మనవరాలికి బాగోకపోతే నాకు చెప్పరా అని ఒకటే కన్నీళ్లు. అందరం వచ్చేస్తున్నాం."

గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. నిజం చెబితే ఉద్యోగానికి ముప్పు, చెప్పకపోతే వియ్యపురాలితో ముప్పు. రెండోదే పెద్దదని సున్నాగారికి అనుభవం మీద తెలుసు.

వ్యాను గేట్లోకి వచ్చేసరికి అధికారిణి అక్కడే నిలబడి గడియారం చూసుకుంటున్నారు. "కబురు అందిన ఇరవై నిమిషాల్లో ఇంటికెళ్లారు. చాలా బాగుంది" అన్నారు. హెడ్ నర్సు పాపను ఎత్తుకోగానే అది ఆసుపత్రంతా వినపడేలా ఏడ్చి, తల్లి ఒళ్లోకి చేరి కడుపారా పాలు తాగింది.

"ఈ పిల్లకి జ్వరమేంటి? మనకే వచ్చేలా ఉంది" అంది హెడ్ నర్సు.

సున్నాగారు ఒప్పేసుకుందామని నోరు తెరిచారు. అప్పుడే వ్యాన్లోంచి పక్కింటి అమ్మాయి దిగింది, పది రోజుల బాబుతో.

"రాత్రి నుంచి వీడు పాలు పట్టట్లేదు బాబాయిగారూ. ఒళ్లు చల్లగా అయిపోతోంది. మీ పాపకి వ్యాను వచ్చింది కదా అని నేనూ ఎక్కేశాను."

హెడ్ నర్సు బాబు ఒంటి మీద చెయ్యి వేసి, ఇంకో మాట మాట్లాడకుండా లోపలికి పరుగెత్తింది. అరగంటకు డాక్టరు బయటికొచ్చి, ఇన్ఫెక్షనేనని, వేళకు తెచ్చారు గనక గండం గడిచిందని చెప్పారు. పక్కింటి అమ్మాయి సున్నాగారికి దండం పెట్టింది. ఆయనకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

"మూడేళ్లలో ఇదే మొదటి కేసా?" అధికారిణి అడిగారు.

"మొదటిదేంటి మేడమ్? నెలకి నలుగురైదుగురు వస్తూనే ఉంటారు. మందులిచ్చి పంపిస్తాం" అంది హెడ్ నర్సు.

"మరి చీటీ పంపరేం?"

"దేని మీద రాయమంటారు? చీటీల పుస్తకం అయిపోయిందని మూడేళ్ల కింద చెప్పాను. కొత్తవి రికార్డుల గదికి వచ్చాయన్నారు. అక్కడి నుంచి మాదాకా రాలేదు."

అందరూ రికార్డుల గదిలోకి నడిచారు. బీరువా వెతికారు, సొరుగులు వెతికారు. చివరికి అధికారిణి వంగి, కంప్యూటరు కింది కట్టలు చూశారు. విప్పని చీటీల పుస్తకాలు, రెండు కట్టలూ.

మూడేళ్ల సున్నాలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలబడి, సున్నాగారికి నిజంగా ఏడుపొచ్చింది. ఉత్తుత్తి కేసు సంగతి కూడా దాచకుండా చెప్పేశారు. అధికారిణి చాలాసేపు రాసుకున్నారు. కబురు అందితే వ్యవస్థ చురుగ్గానే కదులుతోందని, ఇంతవరకు అందిన కబురు మాత్రం ఒక్కటేనని, అదీ అబద్ధమని ఆవిడ నివేదిక సారాంశం. విభాగం మూయలేదు.

ఇప్పుడు ప్రతి సోమవారం వార్డు నుంచి చీటీలు వస్తున్నాయి, సున్నాగారు మెడ వంచి పని చేసుకుంటున్నారు.