కారు ముందు సగం

మా వీధిలో తొలొముష్ అనేవాడు లేకపోతే కెరిమ్‌కుల్ ఈ చలికాలం వెచ్చగా పడుకునేవాడు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను, తొలొముష్ ముందు కూడా.

ఆ రోజు పొద్దున కెరిమ్‌కుల్ పెట్టుకున్న పని చిన్నదే. కారు చక్రంలో బేరింగు అరిగి కూత పెడుతోంది. మెకానిక్ మూడు వేల సోమ్‌లు అడిగాడు. ఇంట్లో ఉన్నదల్లా బొగ్గుకని దాచిన డబ్బు. మా కొచ్‌కోర్‌లో బొగ్గు లేకుండా చలికాలం గడవదు. అందుకని బేరింగు తానే కొని తానే బిగించుకుందామనుకున్నాడు.

పక్కింటి తొలొముష్ ఎప్పటిలాగే పిలవకుండానే ముందు సీట్లో ఎక్కాడు. చెవి డ్యాష్‌బోర్డుకు ఆనించి విన్నాడు.

"ముందు కుడి చక్రం. నా చెవి అబద్ధమాడదు."

బజారులో సామాన్ల దుకాణాలన్నీ ఇనప కంటైనర్లలోనే. కెరిమ్‌కుల్ ఎనిమిది వందల కొత్త చైనా బేరింగు చేతిలోకి తీసుకున్నాడు.

"దాన్ని ముట్టుకోకురా, చెయ్యి కడుక్కోవాలి. జపాన్లో వాడి పారేసిందే దీనికంటే నయం" అన్నాడు తొలొముష్.

"వాడింది విడిగా రాదన్నా, చక్రం బిగించే హబ్బుతో తీసుకోవాలి" అన్నాడు దుకాణదారు.

"హబ్బుతోనే మంచిది. బేరింగు దిగ్గొట్టడానికి నీ దగ్గర ప్రెస్సుందా?" అన్నాడు తొలొముష్ కెరిమ్‌కుల్‌తో.

"హబ్బు ఊడదీస్తే దానికున్న షాకబ్జార్బరు నా దగ్గర ఎవరు కొంటారు? రెండూ కలిసిన కాలు మొత్తం తీసుకో అన్నా" అన్నాడు దుకాణదారు.

"ఒక కాలు కొని రెండోది వదిలేస్తావట్రా?" అన్నాడు తొలొముష్.

చివరికి దుకాణదారు టార్పాలిన్ లాగాడు. జపాన్లో రంపంతో నడుముకు కోసి ఓడెక్కించిన కారు ముందు సగం. లైట్లు, బానెట్టు, రెండు చక్రాలు ఉన్నాయి, ఇంజను లేదు. ముప్ఫై ఒక్క వేలు.

"పదేళ్లకు సరిపోయే సామాన్లు. ఇది ఖర్చు కాదురా, పొదుపు" అన్నాడు తొలొముష్. అతను నాలుగేళ్లు పెద్ద. నలుగురిలో పెద్దవాడి మాట కాదనడం మా దగ్గర లేదు. కెరిమ్‌కుల్ బొగ్గు డబ్బు తీశాడు. లారీకి మరో రెండు వేలు అయ్యాయి.

లారీ పక్క పలకల మీదుగా లైట్లూ బానెట్టూ మాత్రమే కనిపించాయి. లారీ కంటే ముందే కబురు వీధికి చేరింది, కెరిమ్‌కుల్ కొత్త కారు కొన్నాడని. కొత్తది ఇంటికొస్తే దాన్ని కడగాలి. నీళ్లతో కాదు, గొర్రెతో. కోసి వీధికి విందు పెట్టాలి. ముసలి షెర్మత్ తాత చేతికర్రతో గేటు దగ్గరే నిలబడ్డాడు, వెనక పధ్నాలుగు మంది.

"తాతా, ఇది సగమే. సామాన్లకని తెచ్చా."

"అయితే సగం గొర్రె కోస్తావా? మిగతా సగం ఏ కాళ్ల మీద నిలబడుతుందిరా?"

అందరూ నవ్వారు. కెరిమ్‌కుల్ మందలో ఉన్న ఒక్క మంచి గొర్రెను పట్టుకొచ్చాడు. మిగిలిన రెండు వేలూ రొట్టెలకూ మిఠాయిలకూ పోయాయి. పెద్దవాడికి దక్కే తల షెర్మత్ తాత ముందు పెట్టారు. కారు ఎంచింది తనే కాబట్టి తల తర్వాత గౌరవమైన తుంటి ఎముక తనకు రావాలన్నాడు తొలొముష్. వచ్చింది.

తాత దీవించి లేచాక, సాయంత్రం వెలుతురుండగానే కెరిమ్‌కుల్ తన పాత కారుకు జాకీ పెట్టి ముందు కుడి చక్రం తిప్పాడు. చప్పుడు లేదు. ఎడమది తిప్పాడు. అదీ లేదు.

గిన్నెలు తోముతున్న భార్య అసిల్‌కాన్ తలెత్తింది.

"కూత నా సీటు కిందనుంచి కదా వచ్చేది!"

"మరి చెప్పలేదేం?"

"ముందు సీట్లో ఆయన కూర్చుంటాడు, సలహాలూ ఆయనవే. వెనకున్నదాన్ని నన్నెవరడిగారు?"

కెరిమ్‌కుల్ జాకీ వెనక్కి మార్చాడు. ఎడమ చక్రం తిప్పగానే కూత వీధి చివరికి వినిపించింది.

తొలొముష్ ఎముక చీకుతూ వచ్చి చూశాడు. "కంగారు పడకురా. వెనక సగాలు అమ్మేవాడు బిష్కెక్‌లో నాకు తెలుసు."

పోయింది ఒక గొర్రె, ముప్ఫై అయిదు వేల సోమ్‌లు. టన్ను ఏడు వేల చొప్పున సరిగ్గా అయిదు టన్నుల బొగ్గు.