నీలం సీటు ఎవరిది?

ఆ రోజు పొద్దున్న పెద్దల్లుడి పథకం చాలా చిన్నది. అత్తగారు కాఫీ తాగుతున్నప్పుడు ఆవిడతో ఒక్క అబద్ధం చెప్పాలి. ఆవిడను తన కారులో ఆఫీసుకు తీసుకెళ్లాలి. సాయంత్రానికి ప్రధాన డిజైనరై ఇంటికి తిరిగి రావాలి.

అతను విమానాల లోపలి సీట్లు తయారుచేసే కంపెనీలో డిజైనరు. అతని తోడల్లుడు, అంటే అత్తగారి చిన్నల్లుడు, అదే కంపెనీలో, అదే హాల్లో, ఎదురు బల్ల దగ్గర డిజైనరు. పక్కపక్కనుండే మూడు సీట్లను కావాలంటే మంచంగా మార్చుకునే వరస ఒకటి చేసిపెట్టమని ఒక విమాన సంస్థ అడిగింది. ఇద్దరూ చెరొకటి చేశారు. పెద్దల్లుడి దానికి నీలం తొడుగులు. చేతికి అందే పట్టీ ఒకటి లాగితే సీట్లు జారి మంచమవుతాయి. చిన్నల్లుడి దానికి బూడిదరంగు తొడుగులు. కాలి కింద పెడలు తొక్కితే మంచమవుతాయి. తొడుగులు తీసేస్తే, పైకి చూడ్డానికి రెండూ ఒకటే. విమాన సంస్థవాళ్లు ఈ రోజు వచ్చి వాటిలో ఒకటి ఎంచుకుంటారు. ఎవరి సీటు నెగ్గితే వాళ్లకు ప్రధాన డిజైనరు పదవి.

నడుం నొప్పి ఉన్న పెద్దావిడ ఎవరైనా రెండింటి మీదా పడుకుని చూసి చెబితే బాగుంటుందని ఆ సంస్థవాళ్లే కబురు పెట్టారు. డైరెక్టరు కాసేపు ఆలోచించాడు. "మీ ఇద్దరికీ అత్తగారు ఒకరేగా. ఆవిడైతే పక్షపాతం ఉండదు" అన్నాడు. డైరెక్టరుకు పెళ్లి కాలేదు.

పక్షపాతం ఉండదట. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా పెద్దల్లుడికి ఒళ్లు మండేది. ఈ నెలంతా అత్తగారు తన ఇంట్లోనే ఉంది. తన ఇంట్లో తింటూ, తన టీవీ చూస్తూ, నోరు తెరిస్తే చిన్నల్లుడి మాటే. చిన్నల్లుడు కుళాయి లీకైతే తనే బాగుచేసుకుంటాడు. చిన్నల్లుడికి ఈ వయసులో కూడా జుట్టు ఎంత ఒత్తుగా ఉందో. ఆ మాట అన్న రోజు పెద్దల్లుడు రెండద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని తన నడినెత్తి చూసుకున్నాడు, చూసుకోకుండా ఉండాల్సింది. తోడల్లుడు కొత్త బూట్లు వేసుకొస్తే ఆ రోజు ఇతని కాళ్లు నొప్పెట్టేవి. ఎదురు బల్ల మీది కప్పులో టీ తన కప్పులో దానికన్నా ఎక్కువసేపు వేడిగా ఉంటున్నట్టు కూడా ఒక అనుమానం.

కాబట్టి లెక్క తేలికే. చిన్నల్లుడిది ఏదని చెబితే అత్తగారు దాన్నే మెచ్చుకుంటుంది.

"అత్తయ్యగారూ," అన్నాడు కుర్చీ దగ్గరికి లాక్కుని, "నీలం వరస మీ చిన్నల్లుడిది. బూడిదరంగుది నాది. తెలిసుంటే మంచిదని చెప్తున్నా, అంతే."

అత్తగారు బళ్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. వందమంది పిల్లలను ఒక్క కేకతో వరసలో నిలబెట్టిన గొంతు ఇంకా అలాగే ఉంది. "నీలం చిన్నవారిది. బూడిద మీది. సరే" అని పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

వంటింట్లోంచి భార్య బయటికి వచ్చింది. "అమ్మ చెవిలో ఏం ఊదుతున్నారు?"

"ఏం లేదు. రంగులు చెప్తున్నా."

"మీ మొహం చూస్తే రంగులు చెప్పినట్టు లేదు. ఎవరికో పూసినట్టుంది."

అంతలో వీధిలో కారు హారన్ మోగింది. చిన్నల్లుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, జుట్టుతో సహా. "అన్నయ్యా, అత్తయ్యగారిని నేను తీసుకొస్తా. మా కారులో ముందు సీటు బాగా వెనక్కి వాలుతుంది. నడుముకి సుఖంగా ఉంటుందని మీ మరదలు మరీమరీ చెప్పి పంపింది."

"మా కారులో సీటు కూడా వాలుతుంది" అన్నాడు పెద్దల్లుడు.

"మీది ఒకసారి వాలితే మళ్లీ లేవదు కదండీ" అంది భార్య, సాయం చేస్తున్నాననుకుని.

అత్తగారు చిన్నల్లుడి కారెక్కింది. పెద్దల్లుడు వెనకాలే తన కారులో ఒంటరిగా బయల్దేరాడు. దారిలో సిగ్నలు పడ్డ ప్రతిచోటా ముందు కారు అద్దంలోంచి రెండు తలలు కనిపించేవి. చిన్నల్లుడు ఏదో చెప్తున్నాడు, అత్తగారు తలూపుతోంది. ఒకచోట ఆవిడ అతని భుజం తట్టింది కూడా. తన పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ తన భుజం తట్టిందేమోనని వెతుక్కున్నాడు. ఒకసారి తట్టింది, కానీ అది చీమను దులపడానికి. దిగులుపడుతూనే సర్దుకున్నాడు. తట్టనీ. ఎంత తడితే నీలం సీటుకు అంత మంచిది.

ఆఫీసులో విమానం పొట్టలాంటి నమూనా క్యాబిన్ ఒకటి ఉంది. కొయ్య, రేకు కలిపి కట్టారు. గుండ్రటి కిటికీలకు అవతల ఆకాశం బదులు స్టోరు గోడ కనిపిస్తుంది. విమాన సంస్థవాళ్లు ఇంకా రాలేదు. అత్తగారిని ముందు గదిలో కూర్చోబెట్టి డైరెక్టరు స్వయంగా మర్యాదలు చేస్తున్నాడు. తలుపు దాటి వెళ్లబోతున్న పెద్దల్లుడి చెవిన ఆవిడ గొంతు పడింది. ఆ గొంతు పడకుండా ఉండడం ఎలాగూ కష్టమే.

"చిన్నవారికి మాటకారితనం ఎక్కువ. మా పెద్దల్లుడు అలా కాదు. నోట్లో నాలుక లేని మనిషి. పట్టిన పని మాత్రం వదలడు. అలాంటి అల్లుడు దొరకడం నా అదృష్టం."

పెద్దల్లుడికి ముందు గుండె పొంగింది. తర్వాత ఆగినంత పనైంది. ఇన్నాళ్లూ తన ముందు చిన్నవాడిని మెచ్చుకున్నది ఊరికేనన్నమాట, ఆవిడకు ఇష్టం తనంటేనే. అంటే ఇప్పుడు లోపలికెళ్లి తనదనుకుని బూడిదరంగు సీటును ఆకాశానికెత్తేస్తుంది. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు, అదీ కాఫీ పోసి మరీ.

నిజం చెబుదామంటే డైరెక్టరు ఆవిడను వదిలేట్టు లేడు. ఇంక ఒకటే దారి. తొడుగులు మార్చెయ్యాలి. అవి అంటించి పీకే పట్టీలతో ఉంటాయి. చరచరా లాగితే వచ్చేస్తాయి.

అతను చప్పుడు కాకుండా క్యాబిన్‌లో దూరాడు. లోపల అప్పటికే చరచరమని చప్పుడవుతోంది. బూడిదరంగు తొడుగు ఒకటి చంకలో పెట్టుకుని, నీలం తొడుగు ఒకటి పీకుతూ చిన్నల్లుడు వంగి ఉన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు పెద్దల్లుడు.

"దుమ్ము దులుపుతున్నా. మీరు?"

"నేనూ దానికే వచ్చా."

కాసేపు ఇద్దరూ లేని దుమ్ము దులిపారు. చివరికి చిన్నల్లుడే నీరుగారిపోయాడు. "దాచడం దేనికి అన్నయ్యా. కారులో అత్తయ్యగారికి అబద్ధం చెప్పా. బూడిదరంగుది మీదని, నీలం నాదని. ఆవిడకి మీరంటే ప్రాణం కదా, మీదనుకుంటే నా సీటుని మెచ్చుకుంటారని. తీరా చెప్పాక ఆవిడ నా భుజం తట్టి, 'మీకెప్పుడూ అన్యాయం జరగనివ్వను' అన్నారు. ఇప్పుడు నాదనుకుని మీ దాన్ని మెచ్చుకుంటారు. నా కొంప మునిగింది."

"నేనంటే ప్రాణమా? ఎవరు చెప్పారు?"

"మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీ పాటే. పెద్దల్లుడు గట్టిగా మాట్లాడడు, పెద్దల్లుడి ఇల్లు ఎంత శుభ్రం. మీ బట్టతల కూడా పెద్దరికంగా ఉంటుందట. నేను జుట్టు తీయించేద్దామా అనుకున్నా ఒకసారి."

పెద్దల్లుడు నమ్మలేకపోయాడు. తనను చూసి కుళ్లుకునే మనిషి కూడా ఈ లోకంలో ఒకడున్నాడు. అదీ వీడు. ఇన్నేళ్లలో తోడల్లుడి మీద అతనికి ప్రేమలాంటిది కలగడం అదే మొదటిసారి. అది ఎక్కువసేపు నిలవలేదు. బయట అడుగుల చప్పుడు వినిపించింది.

"నీలం ఇటివ్వు" అన్నాడు పెద్దల్లుడు.

"మార్చాలా, ఉంచాలా? ఆవిడకి అసలు ఎవరంటే ఇష్టం?"

"అది తర్వాత తేల్చుకుందాం, ముందు ఇవ్వు."

ఒకరు అంటిస్తే ఒకరు పీకారు. ఆ పెనుగులాటలో ఎవరి కాలో పెడలు మీద పడింది. బూడిదరంగు వరస సగం జారింది, పెద్దల్లుడు దాని మీద బోర్లా పడ్డాడు. లోపల ఏదో టప్పుమంది. పడిపోకుండా ఉండడానికి చిన్నల్లుడు చేతికందినదాన్ని పట్టుకున్నాడు. అది నీలం వరస పట్టీ. నీలం వరస మెత్తగా, మర్యాదగా మంచంగా మారి అతన్ని తన మీద పడుకోబెట్టుకుంది. రెండు వరసల మీదా ఇప్పుడు నీలం, బూడిద తొడుగులు కలగాపులగంగా వేలాడుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. డైరెక్టరు, ఆయన వెనక కళ్లద్దాలు గొలుసుకు వేలాడదీసుకున్న విమాన సంస్థ కొనుగోళ్ల అధికారిణి, ఆవిడ వెనక అత్తగారు.

"మా డిజైనర్లు" అన్నాడు డైరెక్టరు, మింగుడుపడక. "పడుకుని చూపిస్తున్నారు."

"లేవండి ఇద్దరూ" అంది అత్తగారు. ఇద్దరూ లేచి, చెప్పకుండానే ఎత్తుల వారీగా నిలబడ్డారు.

అధికారిణి సైగ చేయగా అత్తగారు పట్టీ ఉన్న వరస మీద నడుం వాల్చింది. కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆవిడ నోట్లోంచి నొప్పి పుట్టినట్టు పెద్ద మూలుగు వచ్చింది. "అబ్బా."

"ఈ సీటు ఎవరిది?" అంది అధికారిణి.

డైరెక్టరు నోరు తెరిచేలోపే, "తమ్ముడిదండీ" అన్నాడు పెద్దల్లుడు. అదే క్షణంలో "అన్నయ్యదండీ" అన్నాడు చిన్నల్లుడు.

"అబ్బా," అంది అత్తగారు మళ్లీ, "ఎంత హాయిగా ఉంది. నా నడుం ఇలా సాగి ఎన్నాళ్లయిందో."

పెద్దల్లుడు తన బిడ్డను తన చేత్తోనే పక్కింటికి దత్తతిచ్చేశాడు. మాట వెనక్కి తీసుకుందామని నోరు తెరిచాడు గానీ చిన్నల్లుడు అందుకున్నాడు. "అన్నయ్య చెప్పిందే నిజమండీ. నాదే. పెద్దవారని మొహమాటపడ్డా."

డైరెక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కొనేవాళ్ల ముందు కొట్లాట ఎందుకని ఊరుకున్నాడు.

అత్తగారు రెండో వరస మీద పడుకుంది. "అబ్బా."

ఈసారి పెద్దల్లుడు ఆలస్యం చెయ్యలేదు. "ఇది నాదండీ."

"అబ్బా, చచ్చాను. నడిమధ్య ఏదో గూనిలా పొడుచుకొచ్చింది. లేపండి నన్ను."

ఇద్దరల్లుళ్లూ చెరో చెయ్యి పట్టుకుని లేపారు. డైరెక్టరు ఇంక ఆగలేకపోయాడు. "మేడమ్, దాచడం బాగోదు. పట్టీ సీటు ఈ పెద్దాయనది. పెడలుది చిన్నాయనది. ఎందుకిలా చెప్తున్నారో నాకర్థం కావట్లేదు."

అధికారిణికి మాత్రం అర్థమైపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అంటే మంచి సీటు తమ్ముడికిచ్చేసి, చెడ్డదాన్ని ఈయన తన నెత్తిన వేసుకున్నారు."

చిన్నల్లుడి మొహం పాలిపోయింది. ఆ మొహం చూసి సంతోషిద్దామనుకున్న పెద్దల్లుడికి ఎందుకో చేతకాలేదు. ఆ సీటు ఎన్ని నెలల పనో అతనికి తెలుసు. ఎదురు బల్ల మీద అది రూపు దిద్దుకోవడం రోజూ దొంగచూపులతో చూసింది అతనే. "కాదు మేడమ్," అన్నాడు, "ఆ సీటు మంచిదే. ఇందాక దాని మీద పడి నేనే వంకర చేశా. మీరనుకుంటున్నంత మంచివాణ్ణి కాదు. వీడంటే నాకు చచ్చేంత కుళ్లు."

"ఇప్పటికీ వెనకేసుకొస్తున్నారు చూడండి" అంది అధికారిణి డైరెక్టరుతో.

"ఆయన చెప్పేది నిజమేనండీ," అన్నాడు చిన్నల్లుడు ఆదుర్దాగా, "నాకూ ఆయనంటే అంతే."

"పెద్దాయన మాటకి ఎదురు చెప్పరన్నమాట" అంది ఆవిడ, ఇంకా కరిగిపోయి.

పట్టీ సీటునే తీసుకుంటామని అక్కడికక్కడే చెప్పేసింది. పెడలును బాగుచేయించి దానికి కూడా అమర్చమంది, చేతులు నొప్పి ఉన్నవాళ్లకు పనికొస్తుందని. ఒకే ఒక్క షరతు పెట్టింది. ఈ అన్నదమ్ముల్లాంటివాళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయకూడదు, ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి పనిచేయించాలి.

వరండాలో అత్తగారు నడుం రుద్దుకుంటూ అల్లుళ్లిద్దరినీ గోడ పక్కన నిలబెట్టింది. "పొద్దున్న ఇద్దరూ విడివిడిగా ఒకే అబద్ధం చెప్పారు. ఇద్దరూ ఒకే మాట మీదుంటే నిజమేననుకున్నా. మీరిద్దరూ ఎప్పుడైనా ఒక మాట మీదున్నారా, నాకే బుద్ధి ఉండాలి."

"ఇంతకీ ఎవరిది మెచ్చుకుందామనుకున్నారు అత్తయ్యగారూ?" అన్నాడు పెద్దల్లుడు ఉండబట్టలేక.

"ఎవరిదీ కాదు. నా నడుం ఏం చెబితే అదే చెబుదామనుకున్నా. నడుముకి అల్లుళ్లుండరు."

"మరి మా ఇంట్లో అన్నయ్యని, అన్నయ్య ఇంట్లో నన్ను అంతంత మెచ్చుకోవడం?" అన్నాడు చిన్నల్లుడు.

"ఎదురుగా మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని. బళ్లో పిల్లల్తో కూడా అంతే చేసేదాన్ని." ఆవిడ అంతటితో ఆ సంగతి ముగించి కారు ఎక్కడుందని అడిగింది.

పెద్దల్లుడు ప్రధాన డిజైనరయ్యాడు, చిన్నల్లుడు ఉప ప్రధాన డిజైనరయ్యాడు. ఒకరినొకరు చూసుకుని కుళ్లుకుంటున్నామని ఇద్దరికీ తెలిసిపోయాక ఇద్దరికీ కాస్త తెరిపిగానే ఉంది. పట్టీ, పెడలు కలిసిన కొత్త సీటు అనుకున్న గడువుకన్నా ముందే తయారైంది. కొత్త గదిలో కిటికీ పక్క సీటు ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు.