ఇక్కడ బోర్డు క్షేమం

ఇంట్లో కూతురు లేకపోయినా ఫరవాలేదు గానీ, వైఫై బోర్డు ఒకటి ఉండి తీరాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కూతుళ్ళున్న తల్లులు నన్ను తిట్టుకునే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

బోర్డంటే బడిలో నల్లబోర్డు కాదు. బిస్కెట్టంత ఉంటుంది. రెండు పక్కలా జెర్రికి ఉన్నట్టు వరసగా కాళ్ళు, నెత్తిన చిన్న రేకు డబ్బీ, ఒక మూల మిణుకుమనే దీపం. గాలిలో తిరిగే ఇంటర్నెట్టును ఆ డబ్బీయే పట్టుకుంటుందట. మనం ఏం నేర్పితే అది చేస్తుంది. ఎదురు చెప్పదు. ఈ ఒక్క గుణం చాలదూ?

మా అమ్మాయి ఆసుపత్రి మిషన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తుంది. పగలంతా అక్కడ వైర్లు అతికించింది చాలక, ఇంటికొచ్చి సరదాకి మళ్ళీ వైర్లే అతికిస్తుంది. ఆ బోర్డును మొదటిసారి భోజనాల బల్ల మీద చూసినప్పుడు నేను మా ఆయన్ని పక్కగదిలోకి లాక్కుపోయి తలుపేశాను. మిణుకుమనే వస్తువేదైనా ఎప్పుడో ఒకప్పుడు పేలుతుందని నా నమ్మకం. "అది ఐదు వోల్టులమ్మా, దానికి పేలే ఓపిక కూడా లేదు" అంది అమ్మాయి. షాక్ కొడుతుందా, ఆ ఇంటర్నెట్టు ఊపిరితిత్తుల్లోకి పోతుందా, మన ఇంట్లో మాటలు పక్కింట్లో వినిపిస్తాయా అని వరసగా అడిగాను. మూడింటికీ కలిపి ఒకటే "ఉహూ" అంది. విని అందో, వినకుండా అందో!

నెమ్మదిమీద బోర్డుతో నాకు పరిచయం పెరిగింది. దాని గొప్పతనం తెలిసివచ్చింది. కిటికీ దగ్గర పెట్టిన బోర్డు గదిలో వేడి ఎంతుందో ఫోన్‌లో చెబుతుంది. ఇదివరకు ఉక్కపోస్తే మా ఆయన లేచి కిటికీ తెరిచేవారు. ఇప్పుడు ఫోన్ చూసుకుని "ముప్పై నాలుగు" అని మళ్ళీ వాలిపోతున్నారు. మోకాళ్ళకు ఎంత విశ్రాంతి! పూలకుండీలో గుచ్చిన బోర్డు మట్టి ఆరగానే ముగ్గురికీ కబురు పంపింది. తక్కిన ఇద్దరిలో ఎవరో ఒకరు పోస్తారులే అని ముగ్గురమూ ఊరుకున్నాం. మొక్క ఎండిపోయింది. పోతే పోయింది, ఏ నిమిషానికి ఎండిందో మా దగ్గర రికార్డు ఉంది. మీ దగ్గర ఉందా?

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు ఉపకారం ఒక ఎత్తు.

అమ్మాయి పనికి వెళ్ళిన దగ్గర్నుంచి నేను ఫోన్ చేస్తుండేదాన్ని. చేరావా, తిన్నావా, బయల్దేరావా, ఎక్కడిదాకా వచ్చావు. నాలుగే ప్రశ్నలు. ఎత్తకపోతే లారీలు, లిఫ్టులు, కరెంటు తీగలు అన్నీ కళ్ళముందు తిరిగేవి. ఎత్తితే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అని పెట్టేసేది. వర్క్‌షాపులో తోటివాళ్ళు నా ఫోన్ మోగగానే టైము చూసుకునేవాళ్ళట. అది భరించలేక అమ్మాయి ఒక బోర్డుకు విద్య నేర్పి తన పనిబల్ల మీద పెట్టుకుంది. గంట కొట్టినట్టు గంటకోసారి నా ఫోన్‌కు మెసేజ్: "అమ్మా, నేను బాగానే ఉన్నాను."

ఇంతకన్నా ఏం కావాలి? విసుగు లేదు, కసురు లేదు. నేను ఒక్కసారైనా అడగకుండానే రోజుకు తొమ్మిదిసార్లు జవాబు. ఏ కూతురు చెబుతుంది చెప్పండి?

ఒక సాయంత్రం అమ్మాయి బొటనవేలికి ఇంత కట్టుతో ఇంటికి వచ్చింది. పొద్దున పది గంటలకే వైర్లు అతికించే కడ్డీ కాలుతున్న మొన తగిలిందట. నేను ఫోన్ తీసి చూపించాను. పదింటికి బాగానే ఉంది, పదకొండింటికి బాగానే ఉంది, ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటున్న పన్నెండింటికీ బాగానే ఉంది.

"అది బల్ల మీద ఉంటుంది కదమ్మా, నా వేలి సంగతి దానికేం తెలుసు?"

"మరి బాగున్నానన్నది ఎవరే?"

"అదే" అంది.

అంటే ఇన్నాళ్ళూ గంటగంటకూ నాకు అందుతున్నది బోర్డు క్షేమ సమాచారం! ఇంత నమ్మకంగా తన ఆరోగ్యం గురించి రాసేవాళ్ళు మా చుట్టాల్లో ఒక్కరూ లేరు.

అమ్మాయి మనసు కాస్త నొచ్చుకున్నట్టుంది. నా కోసం ఇంకో బోర్డు తయారుచేసింది. దానికి మనిషి అలికిడి పసిగట్టే తెల్లటి బుడిపె పెట్టి, హాల్లో గోడకున్న ప్లగ్గుకు తగిలించింది. "అమ్మ ఇంట్లోనే ఉంది, తిరుగుతోంది" అని అది తనకు చెబుతుందట. మా ఆయన అటూ ఇటూ నడిచినా, పిల్లి నడిచినా నేను తిరుగుతున్నట్టే. అది మూగబోతే మాత్రం అమ్మాయి ఫోన్ మోత మోగిపోతుంది.

అయితే నాకో అలవాటు ఉంది. ఎక్కడికి వెళ్ళినా గడప దాటేముందు గ్యాస్ కట్టేసి, ఫ్రిజ్ తప్ప ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తాను. వైరుకు నిప్పంటుకోవడానికి మనం ఊళ్ళో లేని క్షణమే దొరుకుతుంది కదా! ఆ రోజు మా ఆయన బ్యాంకుకు వెళ్ళారు. నేను దర్జీ దగ్గరికి బయల్దేరుతూ బోర్డును కూడా పీకాను. ఫోన్ ఫ్రిజ్ మీద మరిచిపోయాను.

గంట తర్వాత వచ్చేసరికి మెట్లనిండా జనం. అమ్మాయి హెల్మెట్ తియ్యకుండానే ఇల్లంతా వెతికి, మేడమీది నీళ్ళ ట్యాంకు మూత కూడా తీయించింది. నన్ను చూడగానే గట్టిగా చెయ్యి పట్టుకుంది. "చెప్పి వెళ్ళొచ్చు కదమ్మా. ఫోనన్నా ఎత్తొచ్చు కదా. నేను ఎన్ని ఊహించుకున్నానో తెలుసా?"

ఇన్నేళ్ళుగా నేనంటున్న మాటలే, ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"మీటింగ్‌లో ఉన్నానే" అన్నాను.

కనుక పాఠకులారా, ఇంటికో బోర్డు తప్పనిసరి. గడప దాటేటప్పుడు పీకడం మాత్రం మరవకండి. నేనైతే ఈమధ్య గడప దాటకపోయినా పీకుతున్నాను. ఐదు నిమిషాలు తిరక్కుండా ఫోన్ మోగుతుంది. అవతల బోర్డు కాదు, మా అమ్మాయే.