మాట వినని కుక్కే కావాలి

చెప్పిన మాట వినే కుక్కను పెంచుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. కూర్చోమంటే కూర్చుంటుందట, ఆగమంటే ఆగుతుందట. ఆ మాత్రం దానికి కుక్కెందుకండీ? ఓ కుర్చీ కొనుక్కుంటే సరిపోదూ!

మా ఇంటి కుక్కను నేను దొరగారు అంటాను. వయసు ఏడాదిన్నర, బరువు ముప్పై అయిదు కిలోలు. ఇంతవరకు ఎవరి మాటా విన్న పాపాన పోలేదు. మీరు నమ్మరుగానీ, ఆయన వచ్చాకే మా సంసారం ఓ దారిలో పడింది.

చెప్పులు కొరికేశారు. దాంతో గుమ్మంలో చిందరవందరగా పడుండే చెప్పులన్నీ బుద్ధిగా అలమారా ఎక్కాయి. సోఫా చీల్చేశారు. మూడేళ్ల కిందట పోయిన టీవీ రిమోట్ ఆ సోఫా కడుపులోంచి బయటపడింది. అది పారేశానని మా ఆవిడ నన్నన్న మాటలు మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. నా ఆఫీసు ఫైలు నమిలేశారు. కుక్క నమిలేసిందని మా బాసుకు చెప్పాను. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయనకు నేను నిజం చెప్పింది ఆ ఒక్కసారే. నమ్మితేగా!

ఇక వాకింగ్ సంగతి. డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. దొరగారు ఏకంగా పరిగెత్తిస్తున్నారు. పావురం కనిపిస్తే ఎడమకు, స్కూటర్ వినిపిస్తే కుడికి. ఓ రోజు మలుపులో ఆయన లాగిన లాగుకు వెళ్లి పోస్ట్‌మ్యాన్ కాళ్ల మీద పడ్డాను.

"లేవండి సార్, ఎంత బతిమాలినా ఇవాళ మీకు ఉత్తరాల్లేవు" అన్నాడాయన.

మోచేతులు గీరుకుని ఇంటికొస్తే మా ఆవిడ తేల్చేసింది. "ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు వెళ్లండి."

ఆ రెండోమనిషి మా అమ్మాయి. పదిహేనేళ్లు. కుక్క కావాలని రెండు పూటలు అన్నం మానేసి, "అన్నీ నేనే చూసుకుంటా నాన్నా" అని మాటిచ్చి, నాలుగోరోజు నుంచి గది తలుపేసుకున్న మహాతల్లి.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం గొలుసు ఇద్దరం పట్టుకుంటున్నాం. "గట్టిగా పట్టుకో నాన్నా"తో మాట మొదలైంది. అది లెక్కల టీచర్ చిరాకు దాకా, మాట్లాడ్డం మానేసిన స్నేహితురాలి దాకా వచ్చింది. ఇంట్లో ఏమడిగినా "ఏం లేదు" తప్ప మరో మాట రాని పిల్ల! ఆ గొలుసు పట్టుకున్న ముప్పావుగంట కోసం నేను ఆఫీసులో గడియారం చూసుకుంటూ కూర్చుంటున్నాను.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా మా ఆవిడ ట్రైనర్‌ను పెట్టింది. మెడలో ఈల, కాళ్లకు పెద్ద బూట్లు.

"రెండు నెలలు చాలండీ. ఒక్క వేలితో నడిపించొచ్చు. ఇద్దరక్కర్లేదు" అన్నాడు.

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నా గుండెల్లో రాయి పడింది.

కుక్కను పెంచడంలో అసలు బాధ్యతేమిటో నాకు అప్పుడు తెలిసొచ్చింది. పొద్దున ట్రైనర్ నేర్పినదంతా సాయంత్రానికల్లా మరిపించాలి కదా! దొరగారు పక్కన బుద్ధిగా నడిస్తే పట్టించుకోను. లాగితే మాత్రం, అమ్మాయి అటు తిరిగినప్పుడు జేబులోంచి ఓ బిస్కెట్. ఒక్కరోజు కూడా మానలేదు. దీనికెంత క్రమశిక్షణ కావాలో మీకేం తెలుసు?

నిన్న రెండు నెలలు నిండాయి. మా అందరి ముందు పరీక్ష. ట్రైనర్ "పద" అనగానే దొరగారు ఆయన్ని గేటు దాకా ఈడ్చుకెళ్లి, వెనక్కి లాక్కొచ్చి, తిన్నగా నా జేబులో మూతి పెట్టారు.

ట్రైనర్ నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

దొరగారు అక్కడితో ఆగలేదు. తీరిగ్గా నడిచి వెళ్లి మా అమ్మాయి జేబులో మూతి పెట్టారు.

"ఇంకో రెండు నెలలు పట్టేలా ఉందండీ" అన్నాడు ట్రైనర్ నీరసంగా.

"పర్లేదంకుల్, తొందరేం లేదు" అంది మా అమ్మాయి.